ప్రోబ్ చెప్పింది సరే, ఏ బ్యాచ్ మీద పరీక్షించారు?

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ సైన్స్ పేజీలో బయోరియాక్టర్ల (మందుల కోసం కణాలని పెంచే ట్యాంకుల) మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయానికి తెలుగు పేపర్లో అంత చోటు ఇవ్వడమే పెద్ద సంగతి, అందుకు థాంక్స్. కానీ అందులో ఒక పేరా ఉంది చూడండి, ‘ఇక శాంపిల్ తీసే పనే లేదు, లేజర్ వెలుతురు పంపితే చాలు, ట్యాంకులో ఏముందో ఏఐ మొత్తం చెప్పేస్తుంది, కచ్చితత్వం దాదాపు నూటికి నూరు’ అన్న ధోరణిలో, అది చదివాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. నేను చేసే పనే ఇది, రోజంతా ఈ స్పెక్ట్రాలతోనే (ఆ వెలుతురు తిరిగొచ్చి గీసే గ్రాఫులతో) గడుస్తుంది. ఆ నూటికి నూరు ఎక్కణ్ణుంచి వస్తుందో, కొత్త బ్యాచ్ (ట్యాంకులో కణాలు వేసి నడిపే ఒక్కో విడత) మొదలుపెట్టగానే ఎందుకు మాయమవుతుందో మీ పాఠకులకి కూడా తెలియాలని రాస్తున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే. కోయాల్సి వస్తే మొదట్లో కోయండి, మధ్యలోది ఉంచండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇవాళ వాడే యాంటీబాడీ మందుల్లో చాలావరకు తయారుచేసేవి చో కణాలు. 1957లో చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయం నుంచి తీసి పెంచిన కణాల వంశం అది. వీటితో చేసిన మొదటి మందుకి అమెరికాలో 1987లో అనుమతి వచ్చింది, గుండెపోటులో రక్తపు గడ్డని కరిగించే టీపీఏ. ఈ కణాలని ట్యాంకులో 37 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 చుట్టుపక్కల ఉంచి, ఆక్సిజన్ అందిస్తూ, మధ్యమధ్యలో ఫీడ్, అంటే పోషకాల ద్రవం, పోస్తూ రెండు వారాల పాటు కాపాడుకుంటారు. పీహెచ్‌కి, ఆక్సిజన్‌కి, టెంపరేచర్‌కి సెన్సర్లు ఎప్పట్నుంచో ఉన్నాయి, క్షణక్షణం రీడింగ్ వస్తూనే ఉంటుంది. గ్లూకోజ్, లాక్టేట్ (కణాలు గ్లూకోజ్ వాడుకుని వదిలే వ్యర్థం), అమైనో ఆమ్లాలు మాత్రం రోజుకోసారో రెండుసార్లో శాంపిల్ తీసి ఎనలైజర్‌లో పెడితేనే తెలిసేవి. ఆ మధ్య గంటల్లో లోపల ఏం జరుగుతోందంటే అంచనా తప్ప ఇంకేమీ లేదు. గ్లూకోజ్ అడుగంటితే కణాలు నీరసించిపోతాయి. భయపడి ఎక్కువ పోస్తే లాక్టేట్ పేరుకునే ప్రమాదం ఉంది, పైగా ఆ చక్కెర వెళ్లి మనకి కావలసిన యాంటీబాడీకే అంటుకుంటుంది, దాన్ని గ్లైకేషన్ అంటారు. అందుకని గ్లూకోజ్‌ని లోపలే, అప్పటికప్పుడు చూడగలిగితే బాగుండునని అందరికీ ఆశ. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2004లోనే, తయారీ అయిపోయాక చివర్లో పరీక్షించడం కంటే నడుస్తుండగానే కొలుచుకోండి అంటూ మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇక్కడ రామన్ గారు వస్తారు. 1928 ఫిబ్రవరి 28 సంగతి మనవాళ్లందరికీ తెలిసిందే. అప్పటికి లేజర్లు లేవు, సి.వి.రామన్, కె.ఎస్.కృష్ణన్ మొదట సూర్యకాంతితో, తర్వాత పాదరస దీపంతో పని నడిపించారు. పదార్థం మీద పడిన ఫోటాన్లలో ఏ కోటికో ఒకటి రంగు మారి బయటికొస్తుంది, ఆ మార్పు ఏ అణువుకి ఆ అణువుకి వేరు. నీళ్ల రామన్ సిగ్నల్ బలహీనం కాబట్టి నీళ్లే ఎక్కువగా ఉండే కల్చర్‌లో ఇది బాగా పనికొస్తుంది; ఇన్‌ఫ్రారెడ్‌లో అయితే నీళ్లే వెలుతురునంతా మింగేస్తాయి. నీలమణి కిటికీ ఉన్న స్టీలు ప్రోబ్ ఒకటి ట్యాంకులోకి దించుతారు, చాలాచోట్ల 785 నానోమీటర్ల లేజర్, ఒక్కో స్పెక్ట్రమ్‌కి కొన్ని నిమిషాలు పడుతుంది. అంతవరకు మీ వ్యాసం సరిగ్గానే చెప్పింది.

చెప్పనిది ఏమిటంటే, స్పెక్ట్రమ్‌లో గ్లూకోజ్ ఎంతో రాసి ఉండదు. ఉండేది దాదాపు 3000 పాయింట్ల గీత. అందులో గ్లూకోజ్ వాటా 1125 వేవ్‌నంబర్ (గీత మీద చోటుని చెప్పే అంకె) దగ్గర చిన్న ఎత్తు, ఇంకా అక్కడక్కడ మరికొన్ని, వాటి మీద నీళ్లు, ప్రోటీన్లు, నీలమణి కిటికీ సొంత పీకులు, వీటన్నిటి కింద కల్చర్ వయసుతో పాటు పెరిగే ఫ్లోరసెన్స్ (లేజర్ తగిలి ద్రవంలోని పదార్థాలు వెదజల్లే వేరే వెలుతురు) దిబ్బ. ఈ గీత నుంచి అంకె రాబట్టేది మోడల్. ఎక్కువగా వాడేది పీఎల్ఎస్ అనే పాత పద్ధతే. పాత బ్యాచ్‌ల స్పెక్ట్రాలు ఒకపక్క, అదే టైముకి ఎనలైజర్ ఇచ్చిన అంకెలు ఇంకోపక్క పెట్టి, రెండింటికీ లంకె నేర్పుతారు. మోడల్‌ని ‘ఆప్టిమైజ్’ చేయడం అంటే బయట అందరూ అనుకునేది ఈ పీఎల్ఎస్ తీసేసి న్యూరల్ నెట్‌వర్క్ పెట్టడం. నా అభిప్రాయం అడిగితే అది చిట్టచివర చేయాల్సిన పని, చాలాసార్లు అసలు చేయనక్కర్లేని పని.

ఎందుకో చెప్తాను. ఇలా మధ్యలో ఫీడ్ పోస్తూ నడిపే ఫెడ్‌బ్యాచ్ అనే పద్ధతిలో ప్రతి బ్యాచ్ కాస్త అటూ ఇటూగా ఒకే దారిలో నడుస్తుంది. రోజులు గడిచేకొద్దీ కణాలు పెరుగుతాయి, గ్లూకోజ్ తగ్గుతుంది, లాక్టేట్ ముందు పెరిగి తర్వాత చాలాసార్లు తగ్గుతుంది, ప్రోటీన్ పేరుకుంటుంది, ఫ్లోరసెన్స్ పైకి లేస్తుంది. అన్నీ కలిసికట్టుగా కదులుతాయి. మోడల్‌కి మనం ‘గ్లూకోజ్ నేర్చుకో’ అన్నామనుకోండి, దానికి 1125 దగ్గర ఉన్న బుల్లి పీక్‌తో తంటాలు పడాల్సిన అవసరం ఏముంది? ఫ్లోరసెన్స్ దిబ్బ ఎత్తు చూస్తే ఇది ఎన్నో రోజో తెలిసిపోతుంది, ఎన్నో రోజో తెలిస్తే గ్లూకోజ్ ఎంత ఉంటుందో తెలిసిపోతుంది. నుదుటి మీద చెయ్యి పెట్టకుండా క్యాలెండర్ చూసి ‘మూడో రోజు కదా, జ్వరం తగ్గే ఉంటుంది’ అన్నట్టు. అన్ని బ్యాచ్‌లూ బుద్ధిగా నడిచినంత కాలం ఆ జవాబు అద్భుతంగా సరిపోతుంది, గ్రాఫ్‌లో చుక్కలన్నీ గీత మీద వచ్చి కూర్చుంటాయి, ప్రెజెంటేషన్‌కి చప్పట్లు పడతాయి. కానీ ప్రోబ్ ఎందుకు పెట్టామండీ? బ్యాచ్ బుద్ధిగా నడవని రోజు కోసం కదా. సరిగ్గా ఆ రోజే ఈ మోడల్ చేతులెత్తేస్తుంది, ఎత్తేసిందని చెప్పను కూడా చెప్పదు, ఎప్పటిలాగే నమ్మకంగా ఒక అంకె ఇస్తుంది.

దీన్ని పట్టుకునే మార్గం ఉంది, కష్టం కూడా కాదు. నడుస్తున్న కల్చర్‌లో, వేళ కాని వేళ, కొంచెం గ్లూకోజ్ సొల్యూషన్ పోయండి. లాక్టేట్ ముట్టుకోవద్దు, ఇంకేదీ మార్చొద్దు. లెక్క ప్రకారం లీటరుకి 2 గ్రాములు పెరగాలి, మోడల్ 2 గ్రాముల దగ్గర చూపిస్తే మంచిదే. అస్సలు కదలకపోతే అది గ్లూకోజ్ చూడట్లేదన్నమాట. గ్లూకోజ్‌తో పాటు లాక్టేట్ అంకె కూడా కదిలిందా, ఇంకా గట్టి సాక్ష్యం, రెండింటినీ కలిపి ఒకే ముద్దగా నేర్చుకుంది. స్పైకింగ్ అంటారు దీన్ని. పరీక్షకే కాదు, నేర్పడానికి కూడా ఇదే మందు: కొన్ని బ్యాచ్‌లలో గ్లూకోజ్ కావాలని ఎక్కువ ఉంచడం, కొన్నింట్లో తక్కువ ఉంచడం, లాక్టేట్ విడిగా కలపడం, అలా ఆ సహజమైన జట్టుని విడగొట్టిన డేటా నాలుగు బ్యాచ్‌లు ఉన్నా, మామూలుగా నడిచిన బ్యాచ్‌లు బోలెడన్ని ఉన్నదాని కంటే మేలు. దీనికి కంప్యూటర్ శక్తి అక్కర్లేదు, రియాక్టర్ టైం కావాలి. రియాక్టర్ టైం అడిగితే పైవాళ్లు ‘ఉన్న డేటాతో సర్దుకోండి, ఏదైనా కొత్త అల్గారిదం చూడండి’ అంటారు, అసలు గొడవంతా అక్కడే ఉంది. రిగ్రెషన్ కోఎఫిషియంట్లు, అంటే గీతలో ఏ చోటికి మోడల్ ఎంత బరువు ఇచ్చిందో, గీసి చూసుకోవడం ఇంకో పని, ఖర్చు సున్నా. గ్లూకోజ్ మోడల్ బరువంతా గ్లూకోజ్‌కి తెలిసిన పీకులే లేని చోట పెట్టిందంటే ఆగి ఆలోచించాలి.

ఒక మాట ఒప్పుకోవాలి. పరోక్షంగా నేర్చుకున్న మోడల్ ప్రతిదీ పనికిరానిదని కాదు. బతికున్న కణాల సంఖ్య లాంటి వాటికి విడిగా ఒక రామన్ పీక్ అంటూ ఉండదు, అక్కడ మోడల్ ఎలాగూ పక్కదారి ఆధారాలే పట్టుకుంటుంది. ఆ సంగతి చెప్పి, ఈ కణాలకి, ఈ మీడియాకి (కణాలు పెరిగే పోషక ద్రవానికి), ఈ ప్రాసెస్‌కి మాత్రమే అని గిరి గీసి వాడుకుంటే గొడవ లేదు. నిజానికి బతికున్న కణాల కోసం కెపాసిటెన్స్ ప్రోబ్ అని వేరే ఉంది, చెక్కుచెదరని పొర ఉన్న కణాలే విద్యుత్ క్షేత్రంలో చార్జ్ పట్టి ఉంచుతాయి కాబట్టి అది చచ్చిన కణాలని దాదాపుగా లెక్కలోకి తీసుకోదు. అన్నీ రామన్‌తోనే చెప్పించాలన్న పంతం నాకు అర్థం కాదు.

ఇప్పుడు ఆ నూటికి నూరు దగ్గరికి వద్దాం. 10 బ్యాచ్‌లు, ఒక్కోదానికి 14 రోజులు, రోజుకో శాంపిల్, మొత్తం 140. చాలామంది చేసేదేమిటంటే ఈ 140నీ కలిపేసి, అందులోంచి 30 లాటరీ తీసినట్టు పక్కన పెట్టి, మిగతా 110తో నేర్పి, ఆ 30 మీద పరీక్షిస్తారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ పరీక్షకి వచ్చిన ఏడో రోజు శాంపిల్‌కి, అదే బ్యాచ్ ఆరో రోజు, ఎనిమిదో రోజు శాంపిళ్లు నేర్పిన వాటిలోనే ఉన్నాయి. అదే ప్రోబ్, అదే మీడియా లాటు, పీకుల కింద ఆ బ్యాచ్‌కి ప్రత్యేకమైన అదే బేస్‌లైన్. మోడల్ రెండు పక్కలా చూసి మధ్యది చెప్పేస్తుంది. ఇది కొత్త బ్యాచ్ మీద పరీక్ష కాదు. సరైన పద్ధతి ఒక బ్యాచ్ మొత్తాన్ని దాచేసి మిగతా తొమ్మిదింటితో నేర్పి దాని మీద చూడటం, అలా పదీ తిప్పడం, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోని బ్యాచ్‌లు విడిగా రెండు మూడు ఉంచుకుని చివర్లో ఒక్కసారే చూడటం. మన దగ్గర ఉన్నవి 140 శాంపిళ్లు అనుకుంటాం గానీ నిజానికి ఉన్నవి 10 బ్యాచ్‌లే. 3000 పాయింట్ల గీతకి 10 ఉదాహరణలు చూపించి లక్షల పారామీటర్ల నెట్‌వర్క్‌కి నేర్పుతాం అంటే ఏం నేర్చుకుంటుందో మీరే చెప్పండి. బ్యాచ్ మొత్తం దాచి చూస్తే ఎర్రర్ అమాంతం పెరుగుతుంది, అందుకే ఆ అంకె స్లైడ్ మీదకి రాదు. 2023 నవంబర్లో ఖరారైన, మందుల పరీక్షా పద్ధతుల మీద అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ ఇచ్చిన క్యూ14 మార్గదర్శకం కూడా నేర్పే సెట్‌ని, స్వతంత్రంగా పరీక్షించే సెట్‌ని వేరువేరుగానే చూస్తుంది, అంటే నేనేదో కొత్తగా కనిపెట్టి చెప్తున్నది కాదు.

కచ్చితత్వం అనే మాట దగ్గరే ఇంకో తిరకాసు. అందరూ చూపించేది ఆర్ స్క్వేర్, మోడల్ అంకెలు అసలు అంకెలతో ఎంత కలిశాయో చెప్పే కొలత, 1 అంటే పూర్తిగా కలిసినట్టు. మోడల్ సగటు తప్పు లీటరుకి 0.5 గ్రాము అనుకుందాం. పరీక్షలో గ్లూకోజ్ 0 నుంచి 10 గ్రాముల దాకా సమానంగా పరుచుకుని ఉంటే ఆర్ స్క్వేర్ 0.97 వస్తుంది. అదే తప్పుతో, 2 నుంచి 4 మధ్య ఉన్న శాంపిళ్లు మాత్రమే తీసుకుంటే 0.25కి పడిపోతుంది. మోడల్ అదే, తప్పు అదే. ఫ్యాక్టరీలో గ్లూకోజ్‌ని ఉంచాలనుకునేది ఆ 2కీ 4కీ మధ్య అయితే, 0.97 అన్న గొప్ప ఎవరికి ఉపయోగం? అందుకని శాతాలు అడగొద్దు, లీటరుకి ఎన్ని గ్రాముల తేడా, ఏ రేంజిలో, అని అడగాలి.

శాంపిల్ సంగతి కూడా ఎవరూ పట్టించుకోరు, చెప్పాల్సిందే. మోడల్‌కి గురువు ఎనలైజర్ ఇచ్చిన అంకె. ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి. పొద్దున ఆపరేటర్ గొట్టంలో మిగిలిపోయిన పాత ద్రవాన్ని వదిలేసి (వదలకపోతే నిన్నటిది వస్తుంది), ట్యూబులో శాంపిల్ పడతాడు, పక్కన పెడతాడు, ఈలోగా ఇంకో రియాక్టర్‌కి ఫోమ్ వచ్చి అలారం మోగుతుంది, అటు పరిగెడతాడు. ట్యూబులో కణాలు ఇంకా బతికే ఉన్నాయి, గ్లూకోజ్ వాడుకుంటూనే ఉన్నాయి. మిల్లీలీటరుకి 2 కోట్ల కణాలు, ఒక్కోటి రోజుకి 150 పికోగ్రాములు అనుకుని లెక్కేస్తే ట్యాంకులో లీటరుకి రోజుకి 3 గ్రాములు, అంటే గంటకి 0.125 గ్రాము. బెంచీ మీద చల్లబడితే వేగం తగ్గుతుందనుకోండి, అయినా పోయింది పోయినట్టే. దానికంటే పెద్ద ప్రమాదం ఫీడ్ టైం. పది గంటలకి ఫీడ్ ఒక్కసారిగా పోశారు, శాంపిల్ పది గంటలకి అని లాగ్‌బుక్‌లో రాశారు, స్పెక్ట్రమ్ పదికి మొదలై కొన్ని నిమిషాలు నడిచింది. శాంపిల్ ఫీడ్‌కి ముందుదా తర్వాతదా? స్పెక్ట్రమ్ సగం ముందు సగం తర్వాతా? లీటరుకి రెండు మూడు గ్రాముల తేడా లాగ్‌బుక్‌లోని ఈ ఒక్క లైన్‌లో దాక్కుంటుంది, మోడల్‌కి తప్పు జవాబు నేర్పేస్తుంది. దీనికితోడు రియాక్టర్ కంప్యూటర్ గడియారం, స్పెక్ట్రోమీటర్ గడియారం ఒకే టైం చూపించవు. ఫీడ్‌కి ముందు శాంపిల్, నిమిషంతో సహా టైం, గడియారాలు రెండూ సరిచూడటం, ట్యూబు వెంటనే స్పిన్ చేసి కణాలని వేరుచేయడం: ఇవి ఎవరి పేపర్‌లోనూ ఆప్టిమైజేషన్ కింద కనిపించవు, ఎర్రర్ తగ్గేది మాత్రం ఎక్కువగా వీటితోనే.

ప్రీప్రాసెసింగ్, అంటే మోడల్‌కి ఇచ్చేముందు గీతని శుభ్రం చేయడం, దాని గురించి పెద్దగా రాయను. 1964 నాటి సవిట్స్కీ-గోలే డెరివేటివ్, తర్వాత ఒక నార్మలైజేషన్, వీటితో చాలావరకు పని జరిగిపోతుంది. 1640 దగ్గర నీళ్ల బ్యాండ్‌ని కొలబద్దగా పెట్టుకోవచ్చు, లేజర్ బలం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. కంప్యూటర్ ఉంది కదా అని వందల కాంబినేషన్లు తిప్పి, వాటిలో బాగా వచ్చినదాన్ని ఎంచుకుంటే ఆ ఎంపిక కూడా ఉన్న డేటాని కంఠస్థం చేయడమే అవుతుంది. అలాగే గాజు రియాక్టర్ అయితే పైన అల్యూమినియం ఫాయిలో నల్ల గుడ్డో చుట్టండి, గది లైట్ల వెలుతురు స్పెక్ట్రమ్‌లోకి వస్తుంది, పగటికీ రాత్రికీ గ్లూకోజ్ మారుతోందని ఎవరైనా టెన్షన్ పడుతుంటే ముందు లైట్ స్విచ్ చూడమనండి.

ఇంత చేసినా 2 లీటర్ల గాజు రియాక్టర్‌లో తయారైన మోడల్ 2000 లీటర్ల ట్యాంకుకి అలాగే సరిపోతుందన్న హామీ లేదు. ప్రోబ్ మారింది, ఆప్టికల్ కేబుల్ మారింది, బుడగల తీరు మారింది. నేర్పేటప్పుడే రెండు మూడు ప్రోబ్‌లు, రెండు మూడు మీడియా లాట్లు కలిపి ఉంచితే కొంత నయం, పెద్ద ట్యాంకు నుంచి ఒకటి రెండు బ్యాచ్‌లు చేరిస్తే ఇంకా నయం. అన్నిటికన్నా ముఖ్యంగా నాకు కావలసింది ‘నాకు తెలియదు’ అనగలిగే మోడల్. వచ్చిన స్పెక్ట్రమ్ నేర్చుకున్న వాటిలా ఉందా లేదా అని చూసే కొలతలు, హోటెలింగ్ టీ స్క్వేర్, క్యూ రెసిడ్యువల్ అని, దశాబ్దాలుగా ఉన్నాయి. హద్దు దాటితే అంకె చూపించకుండా శాంపిల్ తీయమని అలారం ఇవ్వాలి. మోడల్ చెప్పిన అంకెతో ఫీడ్ పంపు దానంతటదే తిరిగేలా పెట్టారంటే ఇది తప్పనిసరి. ప్రోబ్ కిటికీ మీద మురికి పొర పేరుకుని గ్లూకోజ్ తక్కువ చూపించిందనుకోండి, పంపు రాత్రంతా పోస్తూనే ఉంటుంది.

కాబట్టి ‘శాంపిల్ తీసే పనే లేదు’ అన్న వాక్యం సరిదిద్దమని కోరుతున్నాను. శాంపిళ్లు తగ్గుతాయి, పోవు. రోజుకి రెండు తీసేచోట ఒకటి చాలవచ్చు, ఆ ఒక్కటి మోడల్ మీద నిఘాకే. రెండోది, ఈసారి ఇలాంటి వ్యాసం వేసేముందు మీ రిపోర్టర్ చేత ఆ కంపెనీ వాళ్లని మూడు ప్రశ్నలు అడిగించండి: పరీక్షించిన బ్యాచ్‌లు నేర్పినవాటి నుంచి పూర్తిగా వేరేనా, తప్పు లీటరుకి ఎన్ని గ్రాములు, మధ్యలో గ్లూకోజ్ ఒక్కటే పోస్తే మోడల్ ఏం చూపించింది. మూడో ప్రశ్నకి జవాబుగా ఒక గ్రాఫ్ ఇస్తే దాన్ని అలాగే వేసేయండి, పక్కన నా ఉత్తరం వేయకపోయినా ఏమీ అనుకోను.

ఇట్లు,
స్పెక్ట్రాలతో పని చేసుకునే మీ పాఠకుడు